తెల్లపంచె మీద వాలిన రంగులు

మే 2, శుక్రవారం

ఈ నోటుపుస్తకం లక్ష్మీప్రియ ఇచ్చింది, పురుగుల గురించి రాసుకోమని. పురుగులకు వేరే ఫారాలు కూడా ఇచ్చింది కాబట్టి ఇందులో నా సొంతం రాసుకుంటాను. ఎవరూ చదవకూడదు, మా ఆయన అసలు చదవకూడదు. ఆయన మగ్గం గుంత వదిలి పైకి వస్తే కదా చదవడానికి.

లక్ష్మీప్రియ మా చెల్లెలి కూతురు. హిందూపురం కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఈ వేసవిలో దీపానికి వచ్చే రెక్కల పురుగుల్ని మూడు చోట్ల లెక్కపెట్టాలట. హిందూపురంలో తన ఇంటి తోట, పెనుకొండ కొండకింద తన మామగారు సంజీవప్ప చేను, ధర్మవరంలో మా పెరడు. తెల్లగుడ్డ కట్టి, దాని ముందు బల్బు వేలాడదీసి, ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఏవేవి వాలాయో రాయాలి. సీతాకోకచిలుకలకు ఇవి చీకటి చుట్టాలట. పేర్లు తను చూసుకుంటుందట, నేను రంగు రాస్తే చాలట. "రంగు నీ మాదిరి చెప్పేటోళ్ళు ఈ జిల్లాలోనే లేరు పెద్దమ్మా" అంది. ఆ ఒక్క మాటకు పడిపోయాను.

అబద్ధం కాదు కదా. ఇరవై ఆరేళ్ళుగా పట్టునూలుకు రంగు అద్దుతున్నాను. మా ఆయన జయరాముడు అంటే ధర్మవరంలో ఏ జయరాముడు అంటారు. రంగుల కళావతమ్మ మొగుడంటే ఆటోవాళ్ళు సరాసరి ఇంటి ముందు దింపుతారు.

తెల్లగుడ్డ కోసం ఆయన పెండ్లిపంచె తీశాను. చూసి, నా పెండ్లి ఇంతటితో అయిపోయిందా అని అడిగి మళ్ళీ మగ్గంలోకి దిగాడు.

మే 3

పదకొండు వచ్చాయి. ఒకటి తెల్లది, ఒళ్ళంతా ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు. "తెలుపు, చిన్న బుట్టాలు, అంచు లేదు" అని రాశాను. ఇంకొకదానికి "ఉల్లిపొర రంగు, కోటకొమ్మల అంచు." చీరల భాష తప్ప నాకు వేరే భాష రాదు. మిగిలినవన్నీ ఊదుబత్తి బూడిద రంగు.

పక్కింటి హేమలత గోడ మీది నుంచి చూసి, పంచె కట్టారు, సినిమా వేస్తున్నారా అని అడిగింది. పురుగుల్ని లెక్కపెడుతున్నానని చెప్పాను. సినిమా వేసే రోజు పిలవమని చెప్పి వెళ్ళిపోయింది.

మే 5

బల్బు మంచిది కాదు. చంద్రుడికి కట్టినట్టు దాని చుట్టూ గుడి కట్టింది. ఆయన్ని పంపి ఇంకొకటి తెప్పించాను. దానిదీ అదే వరస.

మార్చిలో కంటి క్యాంపులో ఆ డాక్టరమ్మ, రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి, ఆపరేషన్ చేయించుకోవాలి అంది. చిన్నపిల్ల. కాలేజీ నిన్నో మొన్నో ముగించినట్టుంది. చీటీ కుట్టుమిషను పెట్టెలో అడుగున పెట్టాను. ఇంట్లో చెప్పలేదు. చెప్పేంత ఏముంది? సూదిలో దారం ఎక్కిస్తున్నాను, టీవీ చూస్తున్నాను. దానికీ ఈ బల్బుకూ సంబంధం లేదు.

మే 6

మూడో బల్బు. గుడి.

మే 9

కేశవ వచ్చాడు. మా రంగులన్నీ అతని షాపుకే పోతాయి. పన్నెండు చీరలు, అన్నీ ఒకే వంగపండు రంగు, జూన్ నెలాఖరులో ఒక పెండ్లిలో ఆడపడుచులంతా కట్టుకోవాలట. పన్నెండు మంది ఒకచోట నిలబడితే ఏ ఒక్కటీ తేడాగా కనబడకూడదు. నమూనా ముక్క ఇచ్చాడు. అది వెలిసిపోయి ఉంది. పైగా నమూనాను నేనెప్పుడూ తొట్టి దగ్గరికి తీసుకుపోను. వంగపండు రంగు ఎలా ఉండాలో నాకు ఒకరు చూపించాలా?

మధ్యాహ్నం మొదటి తొట్టి పెట్టాం. మరుగుతున్న నీళ్ళలో నూలు తిప్పుతుంటే మట్టి రంగుగా కనిపించింది. నీలం ఇంకో గరిటె అన్నాను. చాలలేదు. ఇంకో గరిటె అన్నాను. కుళ్ళాయమ్మ పద్దెనిమిదేళ్ళుగా నా తొట్టి దగ్గర పనిచేస్తోంది, ఎదురు చెప్పిన పాపాన పోలేదు. "నువ్వెట్లంటే అట్లే అక్కా" అంది. నేను అన్నానికి లోపలికి వచ్చేశాను. ఆమె తువ్వాలు మరిచిపోయానని మళ్ళీ షెడ్డులోకి వెళ్ళింది. ఈ మధ్య ఆమెకు మతిమరుపు ఎక్కువైంది, రోజూ ఆ తువ్వాలు మరిచిపోతోంది.

మే 10

నూలు ఎండింది. నాకైతే ఇంకా మట్టిగానే అనిపించింది. కేశవ మాత్రం నమూనా పక్కన పెట్టి చూసి, అచ్చు గుద్దినట్టుంది అన్నాడు. శుక్లమట, శుక్లం.

మే 13

పంచె పసుపుబారింది. పురుగుల రంగులు తేలాలంటే గుడ్డ తెల్లగా ఉండాలి. బట్టల నీలం వేసి జాడించాను.

మే 14

ఇంకా పసుపే. మళ్ళీ నీలం పెట్టాను.

మే 16

రాత్రి పెద్ద పురుగు వచ్చింది, అరచేయంత. నందివర్ధనం చెట్టు వైపు నుంచి జెట్టు విమానంలా వచ్చి పంచె మధ్యలో కూర్చుంది. ఒళ్ళు ఎండు చింతాకు రంగు, నడుమ మట్టి రంగు మచ్చ. చాలాసేపు చూశాను. ఇంత అందమైనది మన పెరట్లోనే ఉంటుందని ఈ వయసులో తెలియడం నాకు సంతోషంగా ఉంది. ఆయన్ని కూడా పిలిచాను. ఆయన పురుగును చూసి, నా మొహం చూసి, బాగుందన్నాడు.

మే 17

పదిహేడు వచ్చాయి, పదహారు రాశాను. ఒకటి రాసేలోపు బల్లి తినేసింది.

మే 18

నేను పంపిన ఫారం చూసి లక్ష్మీప్రియ ఫోన్ చేసింది. అదే పెద్ద పురుగు హిందూపురంలో కూడా వచ్చిందట. దానిది పచ్చని ఒళ్ళు, వంగపండు రంగు మచ్చ అట. మట్టి రంగు అని ఎందుకు రాశావు పెద్దమ్మా, ఫొటో ఉంటే పంపు అంది. తన ఫొటో పంపింది.

ఫోన్ ఫొటోలో రంగు చూసి నమ్మేవాళ్ళు ధర్మవరంలో ఒక్కరు కూడా లేరు. ఫొటోలో చిలకపచ్చ అని చూసి చీర తెప్పించుకుని, ఇది రామాగ్రీన్ కదా అని తిప్పి పంపే ఆడవాళ్ళ గురించి కేశవ రోజుకొక కథ చెబుతాడు. ఫోన్ అబద్ధమాడుతుంది, కన్ను ఆడదు. ఇంత చదువుకున్న పిల్లకు ఈ సంగతి నేను చెప్పవలసి వచ్చింది.  సరే, శనివారం పెనుకొండ రా పెద్దమ్మా, ఒకే గుడ్డ ముందు కూర్చుని ఇద్దరం చూద్దాం అంది.

ఫొటోలో కూడా నాకు మట్టి రంగే కనిపించింది. ఫోన్లు అంతే.

మే 19

జయరాముడన్న పంచెకు ఆకాశం రంగు ఎప్పుడు అద్దావని హేమలత అడిగింది. ఆమెకు రంగులు తెలియవు.

మే 21

నిద్ర పట్టక రాస్తున్నాను. మా అత్త నల్లమ్మ గుర్తొచ్చింది. తొట్టి మొదట ఆమెది. నేను కాపురానికి వచ్చిన ఆరో ఏట ఆమె కళ్ళు మసకబారాయి. ఒకరోజు ఆమె ఎరుపు చెప్పింది, నేను అందరి ముందూ ఇది ఎరుపు కాదు అరక్కు అన్నాను. నిజమే, అది నలుపు తిరిగిన ముదురెరుపు, అరక్కే. ఆ రోజు నుంచి గరిటె నా చేతికి వచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. వసారాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. ఆ పదకొండేళ్ళలో ఆమెను ఎవరూ ఒక్క రంగు కూడా అడగలేదు. నేను కూడా అడగలేదు.

నాకు భయం ఆపరేషన్ అంటే కాదు. వసారా అంటే.

మే 24, శనివారం, పెనుకొండ

కుళ్ళాయమ్మను తోడు తీసుకుని ప్యాసింజరులో వచ్చాను. రైలెక్కి చాలా ఏళ్ళయిందట, కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా స్టేషన్ల పేర్లు పైకి చదివింది. సంజీవప్ప స్టేషనుకు వచ్చి చేనుకు తీసుకెళ్ళాడు. మనిషి మంచివాడు, నోరు మాత్రం ఆగదు. వానలు పడితే వేరుశనగ మీద ఈ పురుగులే గుడ్లు పెడతాయట. "రోజూ వచ్చి లెక్కపెడతారు, రాసుకుంటారు, ఒగటన్నా సంపినారా?" అని కోడల్ని అడిగాడు. లక్ష్మీప్రియ నవ్వుతూ గుడ్డ కట్టింది.

కొండకింద గాలి చల్లగా ఉంది. ఏడు ముప్పావుకే గుడ్డ నిండిపోయింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. నేను చెబుతున్నాను, లక్ష్మీప్రియ రాసుకుంటోంది. గంధం రంగు, జరీ గీత. ఆముదం గింజ రంగు, రెక్క కింద నలుపు తెలుపు గళ్ళు. ఆమె పెన్ను ఒక్కోసారి ఆగుతోంది. నేను చూడనట్టు ఉన్నాను.

అప్పుడు ఆ పెద్దది వచ్చింది, నందివర్ధనం పురుగు. ఎండు చింతాకు, నడుమ మట్టి మచ్చ అన్నాను.

సంజీవప్ప వెనకనుంచి టార్చి పట్టుకుని వంగి చూశాడు. "మట్టి యాడుండాదమ్మా? అది వంగపండు కదా" అన్నాడు.

టార్చి వెలుతురులో రంగులు మారతాయని చెప్పాను. ఆయన పాపం టార్చి ఆర్పి చూసి, ఇప్పుడు కూడా వంగపండే అన్నాడు. లక్ష్మీప్రియ తలెత్తలేదు. నేను కుళ్ళాయమ్మ వైపు తిరిగి నువ్వు చెప్పు అన్నాను. పద్దెనిమిదేళ్ళు రంగుల్లో చేతులు ముంచిన మనిషి, నా సాక్షి ఆమే అనుకున్నాను.

కుళ్ళాయమ్మ తన కాలివేళ్ళు చూసుకుంది. "నువ్వెట్లంటే అట్లే అక్కా" అంది.

ఆ మాట విన్న ఎవరికైనా తెలిసిపోతుంది. నాకు కూడా తెలిసింది. ఆకలిగా లేదని చెప్పి పడుకున్నాను. ఇది దీపం వెలుతురులో రాస్తున్నాను, ఈ దీపం కూడా గుడి కట్టింది.

మే 25, ఆదివారం

రైల్లో కుళ్ళాయమ్మను అడిగాను. ఇల్లు చేరేలోపు నిజం చెప్పకపోతే ధర్మవరంలో దిగనని, తర్వాతి స్టేషను చిగిచెర్లలో దిగిపోతానని అన్నాను. చిగిచెర్లలో నాకు ఎవరూ లేరు, బెదిరింపుకు అన్నాను.

 కిటికీ వదిలి నా వైపు తిరిగి చెప్పింది. "ఆర్నెల్లాయ అక్కా. నువ్వు నీలం మూడు గరిటెలు ఏయమంటావు, నేను ఒగటే ఏస్తాండా. నువ్వు లోపలికి పోయినంక నమూనా పెట్టుకోని సరిచేస్తాండా. సంక్రాంతికి ముందు ఒక వార్పు నూలు నీలం ఎక్కువై పాడాయ. అన్న సూసి, దాన్ని నల్లరంగు ఏసేయ్, మీ అక్కకు చెప్పద్దు అన్న్యాడు."

అంటే తువ్వాలు మరిచిపోలేదు. కేశవ అచ్చు గుద్దినట్టుందని మెచ్చుకున్నవన్నీ ఆమె చేతివి. ఆరు నెలలు. నాకు మొదట కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. ధర్మవరం వచ్చేసరికి నవ్వు వచ్చింది. అంతసేపు ఏడుపు ఆపుకున్నాక అదొక్కటే మిగిలింది. నన్ను చూసి ఆమె కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి సీటు మారిపోయాడు.

మే 26

మా ఆయనతో మాట్లాడలేదు.

మే 27

మాట్లాడలేదు. రెండు రోజులుగా ఇల్లు ప్రశాంతంగా ఉందని హేమలతతో అన్నాడట.

మే 28

నేనే అడిగాను, నీకెప్పుడు తెలుసని. కుట్టుమిషను పెట్టెలో చీటీ మార్చిలోనే చూశాడట. గుండీ కుట్టుకుందామని దారం కోసం వెతికాడట. మరి ఎందుకు చెప్పలేదన్నాను.

"నీ కండ్లకు శుక్లం వచ్చినాది అని చెప్పేదానికి నాకు నోరు రాలా. మా అమ్మకు ఆ మాట చెప్పినరోజు ఆమె మొగం ఎట్లాయనో నాకు ఇంకా మతికి ఉండాది. నీ మొగం అట్ల సూడలేను" అన్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదలు. సాయంత్రం ఇద్దరం కలిసి పంచె కట్టాం. పురుగులు తొమ్మిది. రంగుల గడిలో ఏమీ రాయలేదు.

మే 30

పుట్టపర్తి ఆసుపత్రిలో చూపించాం. ముందు కుడి కన్ను, జూన్ మూడున. ఎడమది ఆగస్టులో. నెల రోజులు ఆవిరి, పొగ తగలకూడదు, తొట్టి దగ్గరికి పోకూడదు. మిగిలిన ఆరు చీరల నూలు కుళ్ళాయమ్మ చూసుకుంటుంది. నేను చూసుకున్నది ఏముంది గనుక.

జూన్ 5

కట్టు విప్పారు. ఇంటికి వచ్చాక దండెం మీద ఒక నీలం గుడ్డ వేలాడుతోంది. ఇదెవరిది అని అడిగాను. మా ఆయన, నా పెండ్లిపంచె అన్నాడు.

హేమలతకు రంగులు తెలుసు.

జూన్ 8

ఉదయం నుంచి చిన్నపిల్లలా ఆడుకుంటున్నాను. కుడి కన్ను మూస్తే ఇల్లంతా టీ నీళ్ళలో ముంచినట్టు ఉంటుంది. ఎడమ కన్ను మూస్తే గోడ తెల్లగా, అల్యూమినియం బిందె వెండిలా, కాకి మెడ మీద నీలం. కాకి మెడ మీద నీలం ఉంటుందని మరిచేపోయాను. ఎప్పుడు మరిచిపోయానో కూడా తెలియదు, ఒక్కరోజులో పోలేదు కదా. మంచిగా కనబడుతున్నందుకు సంతోషం పట్టలేకుండా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను.

షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి దూరం నుంచి కుళ్ళాయమ్మ ఆరవేసిన నూలు చూశాను. వంగపండు రంగు. నల్లటి నిగనిగలో నీలం ఎక్కడుండాలో అక్కడే ఉంది, గరిటె ఎక్కువా లేదు, తక్కువా లేదు. నా కళ్ళు బాగున్న రోజుల్లో నేనింత బాగా అద్దానా అని ఆలోచించాను. అద్దాననే అనుకుంటున్నాను. గట్టిగా చెప్పలేను.

జూన్ 11

లక్ష్మీప్రియ వచ్చింది. నా ఫారాలన్నీ చించేద్దామా అని అడిగాను. చించకూడదట. ఎన్ని వచ్చాయి, ఏ వేళకు వచ్చాయి అన్నవి పనికొస్తాయట. తప్పు ఎక్కడుందో ఒక మాట రాసి సంతకం పెడితే చాలట. రాశాను: "మే 2 నుంచి మే 27 దాకా ధర్మవరం రంగులు నమ్మవద్దు. రాసిన మనిషికి రెండు కళ్ళకూ శుక్లాలు ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. కళావతి."

మూడో వాక్యం అక్కర్లేదు పెద్దమ్మా అంది. ఉండనీ అన్నాను.

జూన్ 14

కేశవ వచ్చాడు. పన్నెండు చీరల నూలూ ఒక్క తీరున ఉందట. నల్ల కళ్ళద్దాల వెనక నా కళ్ళు ఎలా ఉన్నాయని కూడా అడగకుండా, కంటికి కట్టు కట్టుకోని కూడా ఇట్ల అద్దినావంటే నీకు నువ్వే సాటి అక్కా అన్నాడు.

కుళ్ళాయమ్మ గుమ్మం దగ్గర నూలు మడతపెడుతోంది. తలెత్తలేదు. ఊ అంటే అయిపోయేది. అతను టీ తాగి వెళ్ళిపోయేవాడు, నేను రంగుల కళావతమ్మగానే ఉండేదాన్ని. ఊ అనడానికి నోరు కూడా తెరిచాను.

"అది నా రంగు కాదు కేశవా. సంక్రాంతి ముందు నుంచి నీకు పోయిండేది ఏదీ నాది కాదు. కుళ్ళాయమ్మది. ఇంకమీద రంగు అడగాలంటే ఆమెను అడుగు" అన్నాను.

కేశవ నన్ను చూశాడు, ఆమెను చూశాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. ఇక నన్ను అడగడు అనుకున్నాను.  అతను నమూనా ముక్కల సంచి తీసి కుళ్ళాయమ్మ ముందు పెట్టి, శ్రావణానికి నెమలిపింఛం రంగు కావాలన్నాడు. ఆమె చేతులు తుడుచుకుని ముక్క తీసుకుంది, వెలుతురులో తిప్పి చూసింది. నా వైపు చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు. పచ్చ ఎక్కువ ఉండాది, నాలుగు రోజులు పడతాది అని చెప్పింది.

మధ్యాహ్నం వసారాలో కూర్చున్నాను. ఊరికే కూర్చున్నాను, ఎవరూ కూర్చోమనలేదు.

జూన్ 20, శుక్రవారం

వారం రోజులు ఏమీ రాయలేదు. రాయడానికి మనసు రాలేదు.

ఈ సాయంత్రం చిన్న వాన పడి వెలిసింది. కుళ్ళాయమ్మ ఇంటికి పోకుండా పెరట్లోకి వచ్చి, ఈ పొద్దు బాగా వస్తాయి అక్కా, గుడ్డ కట్టుదామా అంది. నాలుగు మూలలూ ఇద్దరం కట్టాం. ఎనిమిదింటికి ముప్పై దాటాయి. ఎడమ కన్ను చేత్తో మూసుకుని చూస్తున్నాను, ఆమె ఫారం పట్టుకుని నిలబడింది. ఎవరూ మమ్మల్ని తొందరపెట్టలేదు.

గోరంత పురుగు ఒకటి వాలింది. ఇదివరకు రాలేదు. ఒళ్ళంతా ఒకటే రంగు, ఏ గీతా లేదు. కొత్త కన్నుతో నిదానంగా చూసి ఉల్లిపొర రంగు అని చెప్పాను.

పెన్ను కదలలేదు.

"కాదక్కా" అంది కుళ్ళాయమ్మ.

పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. నా మొహం చూస్తూనే అంది. మాట వెనక్కి తీసుకోలేదు. "ఉల్లిపొర కాదు. తామర మొగ్గ. సరిగ్గా సూడు."

సరిగ్గా చూశాను. నాకు ఉల్లిపొరే అనిపించింది, అదే చెప్పాను. ఆమె తామర మొగ్గే అంది. నేను కాదన్నాను. ఆమె ఇంకా గట్టిగా అవునంది. మా అరుపులకు మా ఆయన మగ్గం ఆపి బయటికి వచ్చాడు, హేమలత గోడ మీదికి వచ్చింది. ఆ పురుగు మాత్రం కదలకుండా కూర్చుంది. అంత గట్టిగా నాతో వాదించే మనిషి కోసం నేను ఇన్నాళ్ళూ ఎదురుచూశానని అప్పుడు తెలిసింది. ఎవరిది సరైనదో తేలలేదు. ఫారంలో రెండు రంగులూ రాసి, కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.